నీల్ ఎక్కువైన తెలుపు

మా మేనమామ ఫ్యాన్లకు రంగు వేసేవాడు. నాచారం పెద్ద రోడ్డు మీంచి మల్లాపూర్ వైపు తిరిగే చోట ఆ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాన్ రెక్కలు గొలుసుకు వేలాడుతూ, ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా ఆయన ముందుకు వచ్చేవట. ఆయన స్ప్రే గన్ పట్టుకుని నిలబడి, వచ్చినదానికి వచ్చినట్టు రంగు కొట్టి పంపేవాడు. ఇరవై ఏళ్లకు పైగా అదే చోట నిలబడ్డాడు. సాయంత్రం ఉప్పల్‌లోని ఇంటికి వచ్చేసరికి ఆయన కనురెప్పల వెంట్రుకల మీద సన్నని తెల్లటి పొడి ఉండేది. ముఖం కడుక్కున్నా ఒక పట్టాన పోయేది కాదు. ఆరో తరగతి చదవడానికి జనగామ దగ్గరి మా ఊరి నుంచి నేను వాళ్లింటికి వచ్చిన రోజు, తలుపు తీసిన మనిషి రెప్పలు తెల్లగా ఉండటం చూసి, బస్సులో పట్టిన నిద్ర ఇంకా వదల్లేదనుకున్నాను.

మామకు, అత్తమ్మకు పిల్లల్లేరు. రెండు గదుల ఇల్లు. ముందు వరండా ఉత్తరం దిక్కుకు ఉండేది. అత్తమ్మ అక్కడ మిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుట్టేది. చీర రంగుకు దారం రంగు కలవడమే ఆ పనిలో కష్టం. ఆమె దగ్గర బిస్కెట్ డబ్బాల నిండా దారపు ఉండలు ఉండేవి. మామ ఇంట్లో ఉంటే చీర ఒకసారి చూసి, డబ్బాలో చెయ్యి పెట్టి, సరిగ్గా ఆ రంగు ఉండనే తీసి ఇచ్చేవాడు. అత్తమ్మ దాన్ని చీర మీద పెట్టి చూసి, ఏమీ అనకుండా సూదికి ఎక్కించుకునేది. ఏమీ అనకపోవడమే ఆమె మెచ్చుకోవడం.

నేను వచ్చిన ఏడాది దసరాకు మామ ఒక టీవీ గేమ్ కొన్నాడు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, రెండు రిమోట్లు, పైన క్యాసెట్ గుచ్చే చోటు. అప్పటికే అవి పాతబడుతున్నాయి. మా క్లాసులో కొందరి ఇళ్లలో కంప్యూటర్లు వచ్చాయి. "పిల్లది ఒక్కతే అయితది గదా, ఆడుకుంటదని తెచ్చిన," అని మామ అత్తమ్మతో అన్నాడు. కానీ దాంతో ఎక్కువగా ఆడింది నేను కాదు, అత్తమ్మ.

ఆమె మధ్యాహ్నం అన్నం తిని, మిషన్ మీద గుడ్డ కప్పి, చాప మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. టీవీలో ఒక చిన్న మనిషి గోడలెక్కుతూ, గుంతలు దూకుతూ కుడివైపుకు పోతూనే ఉండేవాడు. అత్తమ్మ పెదవులు కదలవు, కళ్లు ఆర్పదు, బొటనవేళ్లు మాత్రం మిషన్ సూదిలా ఆడేవి. నేను మూడో గుంతలో పడిపోయేదాన్ని. ఆమె ఎక్కడో మేఘాల దాకా వెళ్లేది. కిటికీ పరదా ఎండకు వెలిగి గదంతా పల్చటి పసుపు రంగు నిండేది. బయట ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. నేను ఆమె తొడ మీద తల పెట్టుకుని చూస్తూ చూస్తూ నిద్రపోయేదాన్ని. ఆ చిన్న మనిషి నా నిద్రలోకి కూడా వచ్చి, అక్కడా దూకుతూ పోయేవాడు. లేచేసరికి కరెంటు పోయి ఉండేది. అత్తమ్మ రిమోట్ చేతిలోనే పట్టుకుని నల్లటి టీవీ వైపు చూస్తూ కూర్చుని ఉండేది.

ఆదివారాలు మామ కూడా పక్కన కూర్చునేవాడు. ఆయనకు ఆట రాదు. రంగులు చూసేవాడు.

"గా ఆకాశం సూడు బిడ్డా. గసొంటి నీలం మా ఫ్యాక్టరీల ఒక్కసారన్న కొట్టనియ్యలే. ఎప్పుడూ తెలుపు, ఐవరీ, బ్రౌన్."

"ఆకాశం రంగు ఫ్యాన్ ఎవరు కొంటరు?" అనేది అత్తమ్మ, కళ్లు టీవీ మీంచి తీయకుండా.

"కొంటరు. మనమే కొందుం."

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చాలా కాలంగా మూస్తారు మూస్తారు అంటూనే ఉన్నారు గనక ఇంట్లో ఎవరూ ఏడవలేదు. మామ చివరి రోజు సాయంత్రం మామూలు వేళకే వచ్చాడు. ముఖం కడుక్కున్నాడు. అప్పుడు గమనించాను, ఆయన రెప్పల మీద తెల్లపొడి లేదు. బహుశా చాలా రోజుల నుంచే లేదు. నేను చూడలేదంతే.

ఆ తర్వాత ఆయన మాట తగ్గిపోయింది. పొద్దున లేచి చాయ్ తాగి, మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూసేవాడు. పాత దోస్తులు వచ్చి, ఫలానా చోట పెయింటర్ కావాలంటున్నారని చెబితే "సూద్దాం" అనేవాడు. చూసేవాడు కాదు. అత్తమ్మ దారం అడిగితే, "నువ్వే తీసుకోరాదు," అని అటు తిరిగి పడుకునేవాడు. ఆమె మొదట కోప్పడింది, తర్వాత బతిమాలింది, చివరికి అడగడం మానేసింది. టీవీ గేమ్ కూడా అప్పుడే మూలకు పోయింది. ఇంట్లో మనిషి అట్లా పడుకుని ఉంటే ఆట ఎట్లా ఆడతాం?

ఒక రోజు కిటికీ పక్క గూట్లో పుస్తకాలు సర్దుతుంటే ఆ డబ్బా చేతికి వచ్చింది. దుమ్ము తుడిచాను. దుమ్ము పోయింది గానీ తెలుపు రాలేదు. ఏళ్ల తరబడి కిటికీ ఎండ తగిలి, పాత పుస్తకం అంచులా పచ్చబడిపోయింది. ఎండ తగిలిన పక్క ఎక్కువ పసుపు, గోడ వైపు పక్క తక్కువ పసుపు. పైన అతికించిన స్టిక్కర్ ఒక మూల లేచి ఉంటే గోటితో లాగాను. మొత్తం ఊడి వచ్చింది. దాని కింద అగ్గిపెట్టె అంత మేర అసలు రంగు అట్లాగే ఉంది. చల్లగా, కొద్దిగా బూడిద కలిసిన తెలుపు. ఎనిమిదేళ్లనాటి దసరా అక్కడ ఆగిపోయినట్టనిపించింది.

"మామా, ఇటు సూడు," అన్నాను.

ఆయన పడుకునే తల తిప్పాడు. తర్వాత లేచి కూర్చున్నాడు. డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆ ముక్క మీద బొటనవేలు ఆనించాడు.

"ఇది గిట్ల లేకుండె," అన్నాడు. డబ్బాను అటూ ఇటూ తిప్పి, "మళ్ల ఎయ్యొచ్చు," అన్నాడు.

అత్తమ్మ మిషన్ ఆపి నా వైపు చూసింది. ఎక్కువ మాట్లాడితే ఆయన మళ్లీ పడుకుంటాడని ఇద్దరికీ భయం.

మర్నాడు ఆయన స్క్రూలు విప్పి, లోపలి పచ్చటి బోర్డును తీసి పాత తువ్వాలలో చుట్టి బీరువాలో పెట్టాడు. పై డొప్ప, కింది డొప్ప వేరయ్యాయి. రెండూ సబ్బుతో కడిగి వరండాలో బోర్లించాడు. ఎన్నాళ్ల నుంచో మూతపెట్టి ఉంచిన థిన్నర్ సీసా బయటికి తీసి, ఇనుప రెక్కల్ని తుడిచినట్టే గుడ్డతో కింది డొప్పను తుడిచాడు. నేను కెమిస్ట్రీ చదువుతున్నాను. థిన్నర్ ప్లాస్టిక్‌ను తింటుందని నాకు తెలిసి ఉండాల్సింది. కానీ ఆయన చేతి తీరు చూస్తూ నిలబడిపోయాను. నిమిషంలో డొప్ప జిగురు జిగురైంది. పట్టుకున్న చోట ఆయన వేలిముద్రలు దిగిపోయాయి. ఆయన చేయి వెనక్కి తీసుకుని, ఆ ముద్రల వైపు చాలాసేపు చూశాడు.

"ఇనుము కాదు గదా," అన్నాడు నెమ్మదిగా.

మళ్లీ మంచమెక్కుతాడనుకున్నాను. ఎక్కలేదు. రెండు డొప్పలూ సంచిలో వేసుకుని, "నడువ్," అన్నాడు. ఉప్పల్ చౌరస్తా దాటాక నాచారం రోడ్డు మీద కార్ల బంపర్లకు రంగు వేసే షాపు ఒకటి ఉంది. దాని ఓనర్ మామ కన్నా పదేళ్లు చిన్నవాడు. ఒకప్పుడు అదే ఫ్యాన్ల ఫ్యాక్టరీలో కొన్నాళ్లు మామ దగ్గరే పని నేర్చుకుని, బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నాడట. మామను చూడగానే లేచి కుర్చీ వేశాడు. డొప్పను తిప్పి చూసి నవ్వాడు.

"అన్నా, థిన్నర్ ఇనుముకు సబ్బు. ప్లాస్టిక్‌కు తేజాబ్, యాసిడ్ లెక్క తింటది. నువ్వు నేర్పింది నేను ఈడ కొంచెం మరిచిపోవాల్సి వచ్చింది."

"అయితే నువ్వు నేర్పు," అన్నాడు మామ.

అట్లా మామ తన శిష్యుడి దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్లడం మొదలైంది. జిగురైన చోటు ఆరనిచ్చి, గుంతలు పూడేలా లప్పం పూసి, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్దడం. ప్లాస్టిక్‌కు పట్టే ప్రైమర్ పల్చగా కొట్టడం. ఒక్కో పొర మధ్య ఆగడం. ఆయన రోజూ పొద్దున స్నానం చేసి, పాత డ్యూటీ చొక్కా వేసుకుని వెళ్లేవాడు. అత్తమ్మ టిఫిన్ కట్టి ఇచ్చేది. ఒక బొమ్మ డబ్బాకు అన్ని రోజులు ఎందుకని వీధిలో ఎవరో అడిగితే, "పెద్ద పనే," అంది.

ఇక రంగు కలపాలి. దీనికి మాత్రం మామ షాపులో ఒప్పుకోలేదు. రంగును నేరుగా ఎండ పడని ఉత్తరం వెలుగులోనే చూడాలనేవాడు. అందుకని చిన్న చిన్న డబ్బాల్లో తెలుపు, నలుపు, పసుపు, నీలం ఇంటికి తెచ్చుకున్నాడు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా వరండాలో కూర్చుని తెలుపులో ఒక చుక్క, రెండు చుక్కలు కలుపుతూ పాత పెళ్లి పత్రికల వెనక పూసేవాడు. నేను కాలేజీ బందయినప్పుడల్లా పక్కన కూర్చునేదాన్ని. ఆ ఏడాది కాలేజీ బందు కాని వారం లేదు.

ఆ పొద్దుటి వేళలు ఇప్పటికీ నాకు సగం నిద్రలో వస్తాయి. తాడు మీద ఆరేసిన కాగితాలు. వాటి మీద రకరకాల తెలుపులు. బియ్యం కడిగిన నీళ్లలాంటిది ఒకటి, మీగడలాంటిది ఒకటి, కొత్త సున్నంలాంటిది ఒకటి, ముల్లంగి ముక్కలాంటిది ఒకటి. గాలి వస్తే అన్నీ కలిసి ఊగేవి. ఆ తెలుపులన్నీ వేరువేరని నాకు అప్పుడే తెలిసింది. అంతకు ముందు తెలుపంటే తెలుపే.

ఒక్క మాట మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. స్టిక్కర్ కింది ముక్కను చూపించి ఆయన అనేవాడు, "ఇది గూడ జర పసుపైంది బిడ్డా. స్టిక్కర్ కిందికి గూడ ఎండ పోయినట్టుంది. మొదట్ల ఇంకా తెల్లగుండె."

నాకు ఆ ముక్కలో పసుపు కనపడేది కాదు. కానీ ఇరవై ఏళ్లు రంగులతో బతికిన మనిషి చెబుతుంటే నా కళ్లకేం తెలుసనుకున్నాను. ఆయన ఆ లేని పసుపును తీసేయడానికి నీలం చుక్కలు కలుపుతూ పోయాడు. ఒక రోజు కాగితం ఒకటి ముక్క పక్కన పెట్టి, తల వెనక్కి వంచి, "కలిసింది. సూడు, కలిసిందా లేదా?" అన్నాడు.

కలవలేదు. కాగితం మీది రంగు నీలంగా ఉంది. చాలా లేత నీలం, కానీ నీలమే. నేను ఆయన ముఖం చూశాను. నెలల తర్వాత ఆ ముఖం మీద నవ్వు లాంటిది కనిపిస్తోంది.

"కలిసింది మామా," అన్నాను.

రంగు కొట్టింది బంద్ రోజున. తెలంగాణ కోసం అన్నీ మూసేసిన రోజు. నాచారం రోడ్డు మీద లారీలు లేవు, బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎప్పుడూ రోడ్డు మీద నిలబడి ఉండే దుమ్ము ఆ రోజు కిందికి దిగిపోయి, దూరపు మౌలాలి గుట్ట మా వైపు జరిగినట్టు కనిపించింది. ఎక్కడో దూరంగా డప్పులు, నినాదాలు. "గిసొంటి రోజు దొరకది. దుమ్ము లేదు, రంగు మీద ఒక్క నలుసు పడది," అని మామ నడుచుకుంటూ షాపుకు బయల్దేరాడు. నేను డొప్పల సంచి పట్టుకుని వెంట నడిచాను. రోడ్డు మధ్యలోంచే నడిచాం. ఆయన నడుస్తూ నడుస్తూ కూని రాగం తీశాడు.

షాపు షటర్ సగం ఎత్తి ఉంది. మామ స్టిక్కర్ ముక్క మీద మాత్రం టేపు అతికించాడు. నమూనా అట్లాగే ఉండనీ అన్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కాళ్లు కొంచెం ఎడం చేసి నిలబడి గన్ ఎత్తాడు. అంత వరకు నేను ఆయన పని చేయడం చూడలేదు. మోచేయి కదలలేదు, భుజం నుంచి చెయ్యంతా ఒకే వేగంతో ఇటు నుంచి అటు పోయింది, అటు నుంచి ఇటు వచ్చింది. గన్ నుంచి పొగలా వచ్చిన రంగు షటర్ కింది వెలుగులో తేలుతూ, డొప్ప మీద చప్పుడు లేకుండా దిగింది. షాపు ఓనర్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నాలుగు పొరలు కొట్టి, ఒక్కో పొరకూ మధ్య ఆగి, పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మామ ముఖానికి కట్టిన గుడ్డ విప్పాడు. రెప్పలు తెల్లగా ఉన్నాయి.

రెండు రోజులు ఆరనిచ్చి, బోర్డు లోపల పెట్టి స్క్రూలు బిగించి, డబ్బాను అత్తమ్మ మిషన్ మీద పెట్టాడు.

అత్తమ్మ చీర పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. డబ్బాను కిటికీ వైపు తిప్పి చూసింది. ఆమెకు రంగు విషయంలో అబద్ధం చెప్పడం రాదు. పనే అది.

"మంచిగుంది. కానీ తెలుపు కాదయ్యా ఇది. నీల్ ఎక్కువైన బనీను లెక్కున్నది."

"నీలం ఏడున్నది?"

"మొత్తం నీలమే."

మామ టేపు పీకి ఆ ముక్కను, చుట్టూ ఉన్న రంగును మార్చి మార్చి చూశాడు. నా వైపు తిరిగాడు. నేను నేల చూశాను. ఆయనకు అంతా అర్థమైపోయింది. మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, మాకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు.

ఫ్యాక్టరీ మూతపడటానికి ఆరు నెలల ముందు, ఆయన కలిపిన ఐవరీ రంగు తేడా వచ్చిందని ఫ్యాన్లు వెనక్కి వచ్చాయి. ఒకసారి కాదు, మూడుసార్లు. సూపర్‌వైజర్ అందరి ముందే, "నీ పని అయిపోయింది, పోయి అట్టపెట్టెలు కట్టు," అన్నాడు. ఆ ఆరు నెలలూ మామ ప్యాకింగ్‌లో పెట్టెలకు టేపు వేశాడు. ఇంటికి మాత్రం ఎప్పటిలాగే వచ్చాడు, ఎప్పటిలాగే వెళ్లాడు.

"కంపెనీ మూసిన్రని నాకు రంది లేదు. అది ఎప్పటికన్న మూసేదే. నా చెయ్యి పోయింది. గది ఎవలకు చెప్పుకోవాలె?"

అత్తమ్మ డబ్బాను మిషన్ మీద పెట్టింది. వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. "ఆర్నెల్లు పెట్టెలు కట్టుకుంట నాకు చెప్పకపోతివా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. నేను వరండాలోకి వెళ్లిపోయాను. తాడు మీద కాగితాలు ఇంకా ఊగుతున్నాయి.

మర్నాడు మామ షాపుకు వెళ్లలేదు. మూడో రోజు షాపు ఓనరే ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ మిషన్ పక్కనున్న డబ్బాను తీసుకుని వెలుగుకు అడ్డంగా పెట్టి, అంచుల వెంట వేలితో తడిమాడు. ఎక్కడా రంగు కారలేదు, ఎక్కడా గరుకు లేదు, మూలల్లో కూడా అద్దంలా ఉంది. అత్తమ్మ జరిగిందంతా ఆయనకు చెప్పింది.

"చెయ్యి పోయిందన్నడా? అన్నా, గీ చెయ్యి నాకుంటే నేను ఏడనో ఉందును," అన్నాడు. తర్వాత అడిగాడు, "కండ్లు సూపెట్టుకున్నవా?"

"మంచిగనే కనపడుతున్నయి. పేపర్ సదువుతున్న."

"మా నాయనకు గూడ పేపర్ కనపడేది. పసుపు బల్బుకు, ట్యూబ్‌లైట్‌కు ఫరక్ లేదనేటోడు. మోతిబిందు, కంట్ల పొర అని తేలింది."

అప్పుడు అత్తమ్మ అంది, "కంపెనీ మూయకముందు ఒకసారి నీలం దారం అడిగితే ఆకుపచ్చది ఇచ్చిండు. పరాకుల ఇచ్చిండనుకున్న." ఆయన దారం తీయడం ఎందుకు మానేశాడో కూడా మాకు అప్పుడే తెలిసింది.

హబ్సిగూడ వైపు ఉన్న కంటి దవాఖానకు నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఆయన కళ్లలోకి దీపం వేసి చూసింది. రెండు కళ్లకూ శుక్లాలున్నాయని, చాలా ఏళ్ల నుంచి మెల్లగా ముదిరాయని, రక్తపరీక్షలో షుగర్ కూడా తేలింది గనక వయసు కన్నా ముందే వచ్చి ఉంటాయని చెప్పింది. "పసుపు అద్దం పెట్టుకుని చూస్తున్నట్టే ఉంటుంది మీకు. నీలం సరిగ్గా అందదు. కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదు," అంది. మామ ఆ మాట మళ్లీ చెప్పమని అడిగాడు. ఆమె ఓపిగ్గా మళ్లీ చెప్పింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. బయటికి వచ్చాక కూడా వదల్లేదు.

ముందు కుడి కన్ను ఆపరేషన్ చేశారు. మర్నాడు పొద్దున కట్టు విప్పినప్పుడు అత్తమ్మ, నేను ఎదురుగా నిలబడ్డాం. ఆయన కన్ను తెరిచి మొదట మమ్మల్ని చూడలేదు. దిండు గలేబు చూశాడు. తర్వాత గోడ. తర్వాత నర్సమ్మ చేతిలోని దూది. ప్రతిదాని దగ్గరా ఆగుతూ, ఇల్లు మారిన మనిషి గదులు చూసుకున్నట్టు చూశాడు. చివరికి అత్తమ్మ చీర వైపు చూసి, "గీ చీర నీలమా? నేను నల్లదనుకుంటి," అన్నాడు.

"మూడేండ్ల సంది కడుతున్న," అంది అత్తమ్మ, కళ్లు ఒత్తుకుంటూ.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క కూర్చున్నాడు. నల్లద్దాలు కాస్త పైకెత్తి ఒక కన్ను మూసేవాడు, దాన్ని తెరిచి రెండోది మూసేవాడు. "పెట్టుకో మామా, దుమ్ము పడతది," అంటే వినలేదు.

"ఈ కంటికి పొద్దుగూకినట్టుంది. ఈ కంటికి పొద్దు పొడిసినట్టుంది. బస్సు ఒక్కటే బిడ్డా."

అప్పుడే చెప్పాలనిపించింది. "ఆ రోజు నాకు నీలంగనే కనపడింది మామా. నేను అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"నువ్వు మస్తు ఖుషీగ ఉంటివి."

ఆయన నల్లద్దాలు కిందికి దించుకున్నాడు. "చెప్పి ఉంటే నెల ముందే కన్ను వచ్చేది గదనే," అన్నాడు. తిట్టినట్టు కాదు, లెక్క సరిచూసినట్టు. తర్వాత నా తల మీద చెయ్యి వేసి తన భుజం మీదికి వంచుకున్నాడు. ఉప్పల్ వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం.

ఇంట్లోకి రాగానే డబ్బా ఎదురుగానే ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. నల్లద్దాలు తీసి, ఎడమ కన్ను మూసి చూశాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటికి వచ్చింది. నవ్వి నవ్వి గోడ పట్టుకున్నాడు. ఆపరేషన్ కంటికి నీళ్లు రావద్దని అత్తమ్మ అరుస్తూనే తనూ నవ్వింది.

"తెలుపు అనుకుంట ఆకాశం కొట్టిన గదనే నేను."

చుక్కల మందు వేయడం పూర్తయి, డాక్టరమ్మ ఒప్పుకున్నాక మళ్లీ వరండాలో కూర్చున్నాడు. ఈసారి ఎక్కువ కాగితాలు పట్టలేదు. తెలుపు, దాంట్లో ఒక నలుపు చుక్క, పసుపు చుక్కలో సగం. స్టిక్కర్ ముక్క పక్కన పెడితే ఎక్కడ కాగితం అయిపోయి ఎక్కడ ప్లాస్టిక్ మొదలైందో తెలియలేదు. అత్తమ్మ వచ్చి చూసింది. ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మామ ముఖం వెలిగింది.

కానీ డబ్బాను మళ్లీ రుద్ది రంగు మారుస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "నాకు గిదే మంచిగున్నది. ముట్టకు," అంది. వాళ్లిద్దరూ రెండు రోజులు దాని మీద వాదించుకున్నారు. ఆ ఇంట్లో వాదన విని ఎంత కాలమైందో. చివరికి మామ రిమోట్లు రెండింటికీ అసలు తెలుపు కొట్టాడు. డబ్బా లేత నీలం, రిమోట్లు తెలుపు. ఎక్కడా దొరకని టీవీ గేమ్ అది.

బంపర్ల షాపులో రంగులు కలిపే పని మామకు అట్లా మొదలైంది. గుద్దుకున్న కార్లు వచ్చేవి. కొత్తగా వేసిన తలుపు రంగు పాత బానెట్ రంగుతో కలవాలి. పాత రంగు ఎండకు, వానకు ఎంత మారిందో కనిపెట్టి, అంతే మార్చి కలపాలి. కంపెనీ డబ్బా మీది నంబరుతో అది కుదరదు. మామ కారును వీధిలో ఉత్తరం వైపు తిప్పి పెట్టించి, కుడి కన్నుతో చూసేవాడు. నాగోల్ నుంచి, మల్కాజిగిరి నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆయనను సార్ అనేవాళ్లు. ఆయన ఆ మాటకు అలవాటు పడలేదు.

నేను డిగ్రీ అయ్యాక నాచారంలోనే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరాను. ద్రావణాల రంగు మారే క్షణాన్ని కనిపెట్టడం నా పనిలో ఒక భాగం. ఆ క్షణం వచ్చినా రాలేదని, రాకున్నా వచ్చిందని ఎవరి సంతోషం కోసమూ రాయలేదు.

ఎడమ కంటి ఆపరేషన్‌ను మామ వాయిదా వేస్తూ వచ్చాడు. ఉప్పల్ నుంచి మెట్రో స్తంభాలు లేచి, రోడ్డంతా తవ్వి, దుమ్ముతో ఊరు మళ్లీ పసుపు రంగుకు తిరిగిన రోజుల్లో డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. రాష్ట్రం వచ్చిన ఏడాది, వానాకాలంలో, సెలవు పెట్టి నేను బయల్దేరదీశాను. తీరా ఆటో వచ్చాక ఆయన గుమ్మంలో నిలబడి, ఒక వెండి రంగు కారు మిగిలిపోయిందని, ఒక్క వారం ఆగుదామని అన్నాడు.

లోపల అత్తమ్మ ఆట ఆడుతోంది. తల తిప్పకుండానే, "ఎక్కుతవా, నన్ను లేవమంటవా?" అంది.

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.